పదకొండు వరసల క్షమాపణ

హైమవతి రాసిన షెల్లులో మొత్తం తొమ్మిదే ఆదేశాలు. షెల్లంటే కంగారుపడాల్సిందేమీ లేదు. కంప్యూటర్‌లో ఒక నల్లటి తెర, దానిమీద మిణుకు మిణుకుమంటూ ఒక గీత, అంతే. బొమ్మలుండవు, రంగులుండవు. మనం ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఆ పని చేసిపెట్టి, మళ్ళీ గీతై కూచుంటుంది. చూడ్డానికి అందంచందం లేకపోయినా పదిహేనేళ్ల ముసలి కంప్యూటర్ మీద కూడా చక్కగా నడుస్తుంది. జిల్లా రికార్డు రూములో ఉన్న ఏకైక కంప్యూటర్ వయసు సరిగ్గా అంతే కాబట్టి, దస్త్రాల పర్యవేక్షణ మండలివారు ఈ పని హైమవతికి అప్పజెప్పారు. ఆవిడ మండలిలో కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఏడేళ్ల నుంచీ తాత్కాలికంగా పనిచేస్తోంది.

వెతుకు, తెరువు, చూపు, చేర్చు, దిద్దు, అచ్చు, పంపు, మూయి, సాయం. ఇవీ ఆ తొమ్మిది. రికార్డు కీపర్ ఏడుకొండలు వాటిని పావుగంటలో నేర్చేసుకున్నాడు. నేర్చుకోడూ మరి, నలభై ఒక్క బీరువాల్లో ఏ కట్ట ఎక్కడుందో ఆరేళ్లపాటు ఒక్కొక్క పేరే కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఆయనే. "వెతుకు" అని కొట్టి పక్కన ఒక పేరు కొడితే చాలు, ఫలానా బీరువా, ఫలానా అర, ఫలానా కట్ట అని వచ్చేసేది. శుక్రవారంనాడు పరీక్షించి చూశారు. ఏడుకొండలు తన పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం వెతికించుకుని, అది నిజంగానే దొరికేసరికి కాసేపు దిగులుగా కూచున్నాడు.

సోమవారంనాడు డైరెక్టర్ విశ్వమోహన్ గారు శిక్షణ నుంచి తిరిగొచ్చారు.

ఆ శిక్షణ ఎక్కడో కొండమీద, రిసార్టులో, అయిదు రోజులు జరిగింది. విషయం మినిమలిజం. అంటే అనవసరమైనదంతా తీసిపారెయ్యడం. వచ్చిన పూటే డైరెక్టర్ గారు తన గదిలో కుర్చీలు తీయించేశారు, తనది తప్ప. క్యాలెండర్ తీయించారు. గోడ గడియారం తీయించేసి, టైమెంతయిందని గంటకోసారి బంట్రోతును పిలిచి అడగడం మొదలెట్టారు. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. "మండలియందు అభివృద్ధి చేయబడు సమస్త సాఫ్ట్‌వేర్ నందలి ఆదేశములు కనిష్ఠ స్థాయికి తగ్గించవలెను. ఫైలు ఏ అధికారి బల్లపైకి వచ్చునో, సదరు అధికారి కనీసం ఒక ఆదేశమును తొలగించి పై అధికారికి పంపవలెను. తొలగించనిచో అందుకు గల కారణములను మూడు పేజీలకు తగ్గకుండా వివరించవలెను. సమీక్ష ముగియువరకు సదరు యంత్రమును సీలు చేయవలెను."

మూడు పేజీలు రాయడం కన్నా ఒక మాట కొట్టేయడం సులువని ఆ ఆఫీసులో తెలియనివాళ్లు లేరు.

మంగళవారం రికార్డు రూములో కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి, పురికొస కట్టి, నాలుగు మూలలా లక్క వేసి వెళ్లారు. బుధవారం శాయమ్మ వచ్చింది.

శాయమ్మ ప్రభుత్వాసుపత్రిలో ఆయా. ఉద్యోగంలో చేరిననాడు గుమాస్తా ఎవరో ఆమెను ఎగాదిగా చూసి, వయసు అన్నచోట తనకు తోచిన అంకె వేసేశాడు. ఆ అంకె ప్రకారం ఈ జూన్ ముప్పైకి ఆమె రిటైరైపోవాలి. నిజానికి ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. ఆమె చదివిన బడి మూతపడినప్పుడు దాని రిజిస్టర్లన్నీ ఈ రికార్డు రూముకే తోలారు. బడి రిజిస్టరులో ఉన్న పుట్టినతేదీకి నకలు తెస్తే సరిచేస్తామనీ, జూన్ ముప్పై దాటితే దేవుడొచ్చి చెప్పినా చెయ్యమనీ ఆసుపత్రివాళ్లు అన్నారు. మనవరాలు నర్సింగు రెండో ఏడు చదువుతోంది. దాని చదువు పూర్తయ్యేదాకా తను పనిచెయ్యాలనేది శాయమ్మ లెక్క.

ఆ సమయానికి సీలు సరిగ్గా పడిందో లేదో చూసి రమ్మంటే హైమవతి కూడా అక్కడికొచ్చింది.

"ఏ బీరువాలో ఉందో తెలిస్తే అయిదు నిమిషాల పని శాయమ్మగారూ," అన్నాడు ఏడుకొండలు. "ఆ సంగతి తెలిసింది ఈ పెట్టెకి. పెట్టెకేమో లక్క వేశారు. మా పాత పేర్ల పుస్తకాలు చెదలు తినేశాయి. చేత్తో వెతకాలంటే ఏడాది పట్టుద్ది."

"అంటే నా పుట్టినతేదీ ఆ దుప్పట్లో ఉందన్నమాట," అంది శాయమ్మ.

"అంతేననుకోండి."

"అయితే నేనీ బల్లమీద కూచుంటా తమ్ముడూ. విప్పినప్పుడు చెప్పు."

నిజంగానే కూచుంది. డ్యూటీ దిగి వచ్చిన మనిషి, కళ్లు మూతలు పడుతున్నాయి. హైమవతికి మనసు ఉండబట్టలేదు. "మీ కాగితం నేనిప్పిస్తానమ్మా, జూన్ ముప్పై లోపల," అనేసింది. అన్నాక నాలిక్కరుచుకుంది. కాంట్రాక్టు ప్రోగ్రామరుకు ఫైలు ముట్టుకునే అధికారమే లేదు, ఫైలు వెళ్లే బల్ల పక్కన నిలబడి నసిగే స్వేచ్ఛ మాత్రం ఉంది.

బస్సులో తిరిగొస్తూ వేళ్లమీద లెక్కేసుకుంది. ఫైలు వెళ్లాల్సిన బల్లలు ఎనిమిది. ఆదేశాలు తొమ్మిది. బల్లకొకటి పోయినా ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటీ "వెతుకు" అయితే చాలు, శాయమ్మ ఉద్యోగం నిలబడుతుంది. మిగతా ఎనిమిదీ ఎవరేం చేసుకున్నా తనకక్కర్లేదు.

మొదటి బల్ల సూపరింటెండెంట్ మాణిక్యాంబ గారిది. ఆవిడ జాబితా చూసి, క్షణం కూడా ఆలోచించకుండా "సాయం" కొట్టేసింది. "ప్రభుత్వోద్యోగి యంత్రాన్ని సాయమడిగితే పనిరాదని ఒప్పుకున్నట్టే కదమ్మా హైమవతీ," అంది. హైమవతి తలూపింది. పీడ వదిలిందనుకుంది.

అసిస్టెంట్ డైరెక్టర్ గారు "దిద్దు" తీసేశారు. దిద్దడమంటూ ఉంటే తప్పు జరిగిందని లిఖితపూర్వకంగా అంగీకరించినట్టవుతుందని ఆయన అభిప్రాయం. డిప్యూటీ డైరెక్టర్ గారు ప్రజాసేవ నిరంతరం తెరిచి ఉండవలెనని రాసి "మూయి" తీసేశారు. ఫైలు జాయింట్ డైరెక్టర్ గారి దగ్గరికెళ్లింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "మూయడమే లేనప్పుడు అన్నీ తెరిచే ఉంటాయి. తెరిచి ఉన్నదాన్ని మళ్ళీ తెరవడమేంటి? కిందివాళ్లు ఇంత చిన్న విషయం కూడా గమనించరు," అని విసుక్కుని "తెరువు" కొట్టేశారు. అందులో తర్కం ఉందని హైమవతి కూడా ఒప్పుకోవాల్సొచ్చింది.

ఏప్రిల్ గడిచింది. మే వచ్చింది. కొనుగోళ్ల విభాగం కాగితం ఆదా అవుతుందని "అచ్చు" తీసేసింది. న్యాయ విభాగంలో ఫైలు పద్దెనిమిది రోజులు పడుకుంది. హైమవతి రోజూ వెళ్లి తలుపు దగ్గర నిలబడేది. చివరికి న్యాయాధికారి గారు నోరు విప్పారు.

"పంపు అన్నారు. పంపితే ఎవరికో అందుతుంది. అందినవాడు చదువుతాడు. చదివినవాడు కోర్టుకెళ్లడని హామీ ఏమిటి?"

"హామీ లేదు సార్," అంది హైమవతి.

"చూశారా." కొట్టేశారు.

భద్రతా విభాగం వారు దాపరికానికి భంగమని "చూపు" తీసేశారు. ఇక మిగిలినవి "చేర్చు", "వెతుకు". డైరెక్టర్ గారి బల్ల. జూన్ తొమ్మిది. హైమవతి రెండో కుర్చీ లేని ఆ గదిలో నిలబడి ఉంది. ఆయన సంతకం చేసే కలాన్ని గాల్లో తిప్పుతూ చాలాసేపు ఆలోచించారు. ఆ కలం రెండుసార్లు "వెతుకు" మీద వాలబోయి ఆగింది.

"సార్, చేర్చు అన్నది మినిమలిజానికే విరుద్ధం కదండీ," అంది, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

డైరెక్టర్ గారు మెచ్చుకోలుగా చూశారు. "చూడమ్మా, ఈ ఆఫీసులో విషయం అర్థమైంది నీ ఒక్కదానికే," అని "చేర్చు" కొట్టేశారు.

హైమవతి మెట్లు దిగుతూనే ఏడుకొండలికి ఫోను చేసింది. "వెతుకు మిగిలింది. శాయమ్మగారికి చెప్పండి."

"ఇయ్యాల కూడా డ్యూటీ దిగొచ్చి బల్లమీదే ఉంది మేడంగారూ, చెప్తన్నా." అవతల్నుంచి ఏదో వినబడింది. "మీ పిల్లలు చల్లగుండాలంటంది."

పిల్లలు లేరుగానీ హైమవతి ఆ దీవెన పుచ్చుకుంది.

ఆ సంతోషం వారం తిరక్కుండా ఆవిరైపోయింది. తగ్గింపు కార్యక్రమం ఇంత జయప్రదమయ్యాక దానికి ఒక అధికారి ఉండాలి కదా. తగ్గింపును పర్యవేక్షించడానికి కొత్తగా సరళీకరణ ప్రత్యేకాధికారి అనే పోస్టు సృష్టించారు. ఆయనకో గది, కారు, ఆరుగురు సిబ్బంది. చిదానంద్ గారని ఒకాయన సోమవారం చేరి, పూలగుత్తి పుచ్చుకుని, మొట్టమొదటి ఫైలుగా హైమవతి ఫైలు తెప్పించుకున్నారు.

తొమ్మిదో బల్ల. హైమవతి పరిగెత్తింది.

"ఒక్కటే ఉంది సార్. దీన్ని కూడా తీసేస్తే ఇంక యంత్రం ఏం చేస్తుందండీ?"

"ఏం చేస్తుంది అనే ప్రశ్నే పాత పద్ధతి," అన్నారు చిదానంద్ గారు శాంతంగా. "పైగా ఈ మాటే ప్రమాదకరం. వెతుకు అంటే ఏమిటి అర్థం? పౌరుల కాగితాలు మన దగ్గర కనబడకుండా పోయినవని ప్రభుత్వమే చాటింపు వేసినట్టు కాదా?"

"మూడు పేజీల కారణాలు నేను రాసిస్తాను సార్. ముప్పై పేజీలు రాసిస్తాను."

"చేరిన మొదటి రోజునే సర్క్యులర్ పాటించని అధికారిగా నేను చరిత్రలో మిగలదల్చుకోలేదు."

కొట్టేశారు. కొట్టేశాక కిందన, "ఆదేశముల సంఖ్య: శూన్యము. లక్ష్యసాధన నూరు శాతము," అని రాసి, గీత గీసి, సంతకం పెట్టారు.

హైమవతి క్యాంటీన్‌లో చల్లారిపోయిన ఉప్మా ముందు కూచుని ఏడ్చింది. ఉద్యోగం పోయినా ఇంత ఏడ్చేది కాదు. ఆ బల్లమీద కూచున్న మనిషికి మాటిచ్చింది, అదీ బాధ. రెండు నెలలపాటు ఈ దద్దమ్మలందరి ముందూ తలూపుతూ, ఔనండీ ఔనండీ అంటూ ఒక్క మాటను కాపాడుకొస్తే, పూలగుత్తి వాసన ఇంకా పోని ఒక మనిషి వచ్చి గీత గీసేశాడు.

అయితే న్యాయ విభాగమనేది ఊరుకునే రకం కాదు. మర్నాడే వాళ్ల దగ్గర్నుంచి ఒక మెమో వచ్చింది. "యంత్రమునకు ఆదేశములు లేకపోవుట హర్షణీయము. కాని పౌరుడు ఏదేని కొట్టినప్పుడు యంత్రము మౌనము వహించుట పౌర మర్యాద నియమావళికి విరుద్ధము. నిరాకరించునప్పుడు క్షమాపణతో, పూర్తి వివరములతో నిరాకరించవలెను. కావున తగు క్షమాపణ పత్రమును రూపొందించి ఆమోదమునకు పంపవలెను."

హైమవతి మళ్ళీ క్యాంటీన్‌లోనే, ఉప్మా ముందు కూచుని ఆ మెమో రెండుసార్లు చదివింది. "పూర్తి వివరములతో" అన్నచోట ఆగి మూడోసారి చదివింది. ఉప్మా పక్కకు జరిపింది.

"క్షమించండి, అటువంటి ఆదేశం లేదు," అని ఒక్క వరస రాసి ఫైలు పెట్టింది. సర్క్యులర్ ఆదేశాలను తగ్గించమందేగానీ క్షమాపణల ఊసెత్తలేదు. రెండు నెలలుగా కొట్టేసి కొట్టేసి విసిగిపోయిన అధికారులు, ఏదైనా రాసే అవకాశం రాగానే ప్రాణం లేచొచ్చినట్టయ్యారు. మాణిక్యాంబ గారు "గౌరవనీయులైన పౌరులకు నమస్కరించి వ్రాయునది" అని తగిలించారు. అసిస్టెంట్ డైరెక్టర్ గారు మండలి ఆశయాలు ఒక వరస చేర్చారు. న్యాయాధికారి గారు ఈ క్షమాపణ నేరాంగీకారం కాదని ఒక వరస పెట్టారు. రెండు నెలలు పట్టిన ప్రయాణం ఈసారి నాలుగు రోజుల్లో పూర్తయింది. తొమ్మిది బల్లలూ తలా ఒక వరస వేసేసరికి, హైమవతి రాసినదానితో కలిపి మొత్తం పది వరసలయ్యాయి.

శుద్ధప్రతి టైపు చేసే పని హైమవతిదే. ఏడేళ్లలో ఆవిడ ఈ ఆఫీసు గురించి తెలుసుకున్న సత్యం ఒకటుంది. ఇక్కడ ఏ కాగితమైనా మొదటి రెండు వరసలు చదువుతారు, తమ వరస ఉందో లేదో చూస్తారు, చివర సంతకం పెట్టే చోటు చూస్తారు. మిగతాది అక్షరాలు నిండడానికి ఉంటుంది. కాబట్టి ఎనిమిదో వరసకీ, ఆ తర్వాతి వరసకీ మధ్యలో, అచ్చం వాళ్ల భాషలోనే, ఇంకో వరస కూర్చింది.

"తమరు తెలిపిన పేరు మాయందు ఆదేశముగా లేదనియు, కేవలము ......వ బీరువా, ......వ అర, ......వ కట్టయందు మాత్రమే కలదనియు విచారముతో మనవి చేయుచున్నాము."

"వెతుకు" చేసే పనంతా ఆ చుక్కల వెనక పెట్టేసింది; ఎవరు ఏ పేరు కొట్టినా యంత్రమే వెతికి ఆ చుక్కల్లో అంకెలు నింపుతుంది. డైరెక్టర్ గారు శుద్ధప్రతి అందుకుని, మొదటి రెండు వరసలు చదివి, తన వరస చూసుకుని మురిసిపోయి, సంతకం చేశారు. దొంగతనం కాదిది, ఆమోదం పొందిన పాఠం.

ప్రారంభోత్సవం జూన్ ఇరవై ఏడున రికార్డు రూములోనే జరిగింది. లక్క పగలగొట్టారు. దుప్పటి తీశారు. హైమవతి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కొత్త షెల్లును అందులోకి ఎక్కించింది. శాయమ్మను బల్లతో సహా వెనక్కి జరిపి ఆ చోట సన్నాయివాళ్లను కూచోబెట్టారు. డైరెక్టర్ గారు మైకు పట్టుకుని, ఆదేశాలన్నవే లేని షెల్లు ఇదేననీ, ఏ పనీ చెయ్యదు కాబట్టి ఏ తప్పూ చెయ్యదనీ సెలవిచ్చారు. ముఖ్య అతిథిగారు ఎంటర్ నొక్కారు. ఏమీ కాలేదు. గీత మిణుకుమంటూనే ఉంది. హాలంతా చప్పట్లు.

అక్కడితో ఆగితే బాగుండేది. ముఖ్య అతిథిగారికి ఉత్సాహం వచ్చింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇంటిపేరుతో సహా తన పేరు కొట్టి మళ్ళీ ఎంటర్ నొక్కారు. తెరనిండా పదకొండు వరసలు వచ్చి నిలబడ్డాయి. డైరెక్టర్ గారు మైకులో మొదటి రెండూ చదివారు. గౌరవనీయులైన పౌరులకు నమస్కరించి అనేసరికే మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి, ఇక ఆపలేదు. అతిథిగారు కదిలిపోయి కళ్లు తుడుచుకున్నారు. తొమ్మిదో వరసలో మాత్రం ఆయనగారి కట్ట ఇరవై తొమ్మిదో బీరువాలో ఉందని వచ్చింది. పరీక్షల్లో కాపీ కొడుతూ పట్టుబడ్డవాళ్ల జాబితాలన్నీ ఉండేది అందులోనే. ఆ సంగతి తెలిసిన ఏకైక మనిషి ఏడుకొండలు. ఆయన పైకప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఫొటోలయ్యాయి, జీడిపప్పు పొట్లాలయ్యాయి, కార్లు వెళ్లిపోయాయి. సన్నాయివాళ్లు లేచారు. శాయమ్మ బల్లను మళ్ళీ ముందుకు జరుపుకుంది.

"ఏం లేదంటగా అందులో," అంది. "మైకులో చెప్పారు. ఏ పనీ చెయ్యదంట." ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"ఇటు రండి శాయమ్మగారూ," అంది హైమవతి.

ఏడుకొండలు కూచుని, బత్తుల శాయమ్మ అని కొట్టాడు. తెర నిండింది. ముగ్గురి కళ్లూ తొమ్మిదో వరస మీదికి వెళ్లాయి. శాయమ్మకు కళ్లజోడు లేదు, హైమవతి వేలు పెట్టి చూపించింది. పదిహేడో బీరువా, నాలుగో అర, రెండు వందల పన్నెండో కట్ట. ఏడుకొండలు నిచ్చెన వేసుకుని ఎక్కి, దుమ్ము దులుపుకుంటూ దిగాడు. అట్ట ఊడిపోయిన బడి రిజిస్టరు. మూడో తరగతి. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ. నాలుగేళ్లు తేడా, శాయమ్మ చెప్పినట్టే. అచ్చు తీసే ఆదేశం లేదు గనక ఏడుకొండలు చేత్తోనే నకలు రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు.

శాయమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచీలో వేసుకుంది. వెళ్లబోయి ఆగింది.

"ఒక్క నా కాగితం ఎక్కడుందో చెప్పడానికి ఆ పెట్టె అంత పొడుగు రాసిందేంటమ్మా?"

"అదంతా క్షమాపణండీ," అంది హైమవతి. "మిమ్మల్ని క్షమించమని అడుగుతోంది."

"ఎవరు?"

తొమ్మిది బల్లలూ, తొమ్మిది సంతకాలూ హైమవతి కళ్లముందు మెదిలాయి. "గవర్నమెంటు," అంది.

శాయమ్మ తెరకేసి చూసింది. ఆ చూపులో నమ్మకం, అపనమ్మకం రెండూ ఉన్నాయి.

"ముప్పై నాలుగేళ్ల నుంచి చేస్తన్నా గవర్నమెంటులో. తప్పు ఎవరిదైనా నేనే చేతులు జోడించేదాన్ని. ఇంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలా." సంచీ బల్లమీద పెట్టింది. "ఇంకోసారి కొట్టు తమ్ముడూ. ఈసారి పైకి చదువు."

ఏడుకొండలు మళ్ళీ ఆమె పేరు కొట్టాడు. గొంతు సవరించుకుని మొదటి వరస నుంచీ మొదలెట్టాడు. నమస్కారం దగ్గర్నుంచి, మండలి ఆశయాల మీదుగా, ఇది నేరాంగీకారం కాదన్న మాటతో సహా, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. ఆ క్షమాపణను చివరిదాకా విన్న మొదటి మనిషి శాయమ్మే. కూచోమన్నా కూచోలేదు, నిలబడే విన్నది.

పదకొండో వరస అయిపోయాక, "సరేలే, పర్లేదు," అంది, ఆ మిణుకుమనే గీతతోనే, సంచీ భుజానికి తగిలించుకుంటూ.